దుమ్ముకు నూనె ఉచ్చు

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే ఇంజన్ దాదాపు 14.7 కిలోల గాలి పీల్చుకోవాలి. ఆ గాలితో వచ్చే సన్నటి ఇసుక పిస్టన్ రింగుల్నీ సిలిండర్ గోడల్నీ గరుకు కాగితంలా అరగదీస్తుంది. తొలినాటి కార్లలో చాలావాటికి దీన్ని ఆపే ఏర్పాటే లేదు. కార్బొరేటర్ నోరు తెరుచుకునే ఉండేది. 1920ల్లో వడపోతలు మొదలయ్యాయి. 1930లు వచ్చేసరికి ‘ఆయిల్ బాత్’ ఎయిర్ క్లీనర్ నిలదొక్కుకుంది.

అదొక ఇనప డబ్బా, అడుగున కాస్త ఇంజన్ ఆయిల్. గాలి కిందికి దిగి, నూనె దగ్గర గిరుక్కున పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతుంది. మిగిలింది పైనున్న తడి జాలీకి అంటుకుంటుంది. హైదరాబాద్ నాంపల్లిలో అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్ చుట్టూ ఒకప్పుడు బారులు తీరిన తెల్ల అంబాసిడర్లలోనూ, జీపుల్లోనూ ఉండేది ఈ డబ్బానే. మురికి నూనె పారబోసి, జాలీ కడిగి, కొత్త నూనె పోస్తే చాలు, వేరే ఏమీ కొనక్కర్లేదు. పొలాల్లో కొన్ని ట్రాక్టర్లు ఇప్పటికీ దీన్నే నమ్ముకున్నాయి. లోపమల్లా వేగం తగ్గినప్పుడు బయటపడుతుంది. గాలి నెమ్మదిస్తే మలుపులో విసురు ఉండదు, సన్న దుమ్ము జారిపోతుంది. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల రద్దీలో నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా పాకే బండికి అదే ఇబ్బంది.

1950ల నుంచి మడతల కాగితం ఫిల్టర్లు వ్యాపించాయి. ఇవి చవక, తేలిక, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా పనిచేస్తాయి. దుమ్ము పట్టేకొద్దీ ఇంకా సన్నగా వడకడతాయి, చివరికి ఊపిరాడక మార్పించుకుంటాయి.

నూనె మళ్లీ వచ్చింది ఎడారి పందేల దారిలో. కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డోనల్డ్ 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పెట్టిన కె అండ్ ఎన్ కంపెనీ, తీగ జాలీల మధ్య పలచటి నూలు గుడ్డ పొరలు పేర్చి వాటికి జిగురు నూనె పట్టించింది. గాలి సులువుగా వెళ్తుంది, దుమ్ము నూనెకు అంటుకుంటుంది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మోటార్‌సైకిల్ పందేల నుంచి అది మామూలు కార్లలోకి వచ్చింది.

ఈలోగా ఫిల్టర్ వెనక ఉన్నది మారిపోయింది. మన చిన్న కార్లలో 2000 ప్రాంతం నుంచి కార్బొరేటర్ పోయి ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ అదుపులో ఇంధనం చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి, వచ్చింది. చాలా కార్లలో, ముఖ్యంగా డీజిల్ బండ్లలో, గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఫిల్టర్‌కు ఆనుకునే ఉంటుంది. అందులోని వేడి తీగ గాలికి ఎంత చల్లబడిందో చూసి కంప్యూటర్ ఇంధనం లెక్కకడుతుంది. ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే ఆవిరిలా వచ్చి ఆ తీగ మీద పూతలా పడుతుంది, లెక్క తప్పుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. నూనె తక్కువైతే దుమ్ము లోపలికి పోతుంది. కార్బొరేటర్‌కు ఇంత సున్నితత్వం లేదు.

కడిగి వాడే ఈ నూనె ఫిల్టర్ లాభాల్లో తిరుగులేనిది చెత్త తగ్గడం. ఏళ్ల తరబడి ఒకే కారు ఉంచుకునేవారికి ఖర్చూ కలిసొస్తుంది. ఇంజన్ ఎక్కువ వేగంతో తిరిగినప్పుడు పికప్ కాస్త మెరుగవ్వచ్చు. మైలేజీ మీద మాత్రం ఆశ పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షిస్తే, ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా మారలేదు, దెబ్బతిన్నది పికప్పే. వచ్చిన గాలికి తగినంత ఇంధనమే కంప్యూటర్ వదులుతుంది మరి.

కడగడంలోనే అసలు పని ఉంది. దానికోసం చేసిన ద్రావకంతో నానబెట్టి, చిన్న ధార నీళ్లతో లోపలి నుంచి బయటికి కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పలచగా నూనె పట్టించాలి. కంప్రెసర్‌తో గాలి కొడితే నూలు చిరుగుతుంది. కాగితం ఫిల్టర్ కొన్ని వందల్లో దొరుకుతుంటే, వేలు పోసి కొన్నదానికి ఈ సేవ చేసే ఓపిక అందరికీ ఉండదు. అందుకే నూనె ఫిల్టర్ కొనేముందు బానెట్ ఎత్తించి, ఫిల్టర్ వెనక ఎంఏఎఫ్ సెన్సర్ ఉందో లేదో మెకానిక్‌ని అడగండి. ఉంటే, కడిగే ఓపికా లేకపోతే, నగర దుమ్ములో తిరిగే కారుకు కాగితమే మేలు.