పోయిన కూలి – నిండిన మైదానం

మంగళగిరిలో మగ్గం మీద కూర్చునే మనిషికి నేసిన మేరకే కూలి. ఒక పూట చెడుగుడు పోటీ చూసివస్తే ఆ పూట కూలి పోయినట్టే. ప్రవేశం ఉచితమైనా ఆట అతనికి ఉచితం కాదు. జనం రావడం లేదని వాపోయేవారు టిక్కెట్టు ధర తగ్గిద్దామంటారు గాని, ఈ లెక్క వెయ్యరు.

ఇంగ్లండు ఉత్తరాది జౌళి పట్టణాల్లో ఈ లెక్క ఏనాడో వేశారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి స్త్రీల చేతా, యువ కార్మికుల చేతా పని మాన్పించాలని 1850 ఫ్యాక్టరీ చట్టం శాసించింది. వాళ్లు లేనిదే మిల్లు నడవదు గనుక మగవాళ్లకూ తీరిక చిక్కింది. రగ్బీ మైదానాలు నిండింది ఆ తీరికతోనే. అయితే ఆడేవాళ్లూ గని కార్మికులే, మిల్లు కార్మికులే. ఆటకోసం పని మానితే కూలి పోయేది. దానికి పరిహారం ఇవ్వడం ఆట పవిత్రతకు భంగమన్నారు, కూలి ఎరగని దొరలు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు వేరుపడ్డాయి. పోయిన కూలికి రోజుకు ఆరు షిల్లింగుల దాకా ఇవ్వవచ్చన్నాయి. నేటి రగ్బీ లీగ్ పుట్టుక అదే. దీన్ని కేవలం ఔదార్యమనుకోను. క్లబ్బులు బతికేది గేటు వసూళ్ల మీద. జనానికి ఆట రక్తికట్టాలనే 1906లో జట్టును పదిహేనుగురి నుండి పదమూడుగురికి కుదించారు. 1954లో బ్రాడ్‌ఫర్డ్ ఓడ్సల్ మైదానంలో హాలిఫాక్స్, వారింగ్టన్ తలపడితే అధికారిక లెక్క ప్రకారమే 1,02,569 మంది వచ్చారు.

1996లో టెలివిజన్ సొమ్ము ఆ శీతకాలపు ఆటను వేసవికి మార్చింది. 2014లో ప్రో కబడ్డీ వచ్చి మన చెడుగుడునూ మట్టి మీంచి మ్యాటు మీదికి, రాత్రి వేళకు, తెరమీదికి చేర్చింది. తెలుగు టైటాన్స్ ఆట మా వీధిలో అందరూ చూస్తారు, ఇంట్లో కూర్చునే. పగలు మగ్గం ఆడుతూనే ఉంటుంది.