కువైట్ సిమ్ము

ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళకు పరదేశం కొత్త కాదు. కోరంగి రేవులోనూ, తర్వాత కాకినాడలోనూ ఓడెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. ఆ వలస ఎక్కువగా మగవాళ్ళది. రంగూన్ మిల్లులోనో రేవులోనో పనిచేసినవాడికి పక్కన నలుగురు సొంతవాళ్ళుండేవారు. గల్ఫ్ వలస దారి వేరు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళలో ఇంటిపనికి కుదిరిన ఆడవాళ్ళు చాలామంది. అరబ్బుల ఇంట్లో ఒక్కతే ఉండి పనిచేసే మనిషికి ఆ నాలుగు గోడలే ఊరు. అందుకే ఈ వలస చరిత్రలో వీసాకు ఎంత చోటుందో, అక్కడ కొన్న సిమ్ముకూ అంత చోటు ఇవ్వాలంటాను. సిమ్ము రాకముందు ఆమె ఎలా ఉందో ఇంటికి తెలియాలంటే ఉత్తరం రావాలి, లేదా యజమాని ఫోను చేసుకోనివ్వాలి, అదీ కాకపోతే ఏజెంటు చెప్పిందే నమ్మాలి.

ఆ రోజుల్లో ఇటువైపు ఊళ్ళో ఉన్నది పసుప్పచ్చ బోర్డు ఐఎస్‌డీ బూత్. గాజు తలుపు వెనక రిసీవరు పట్టుకున్న తల్లి చూపంతా మీటరు మీద పరుగెత్తే ఎర్ర అంకెల మీదే. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ సంస్థ గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్‌లో గానీ తొలగలేదు. 1991లో మ్యూనిక్‌లో తయారై ఫిన్లాండ్‌లో మొదట వాడుకలోకి వచ్చిన సిమ్ము చేసిన మేలు ఏమిటంటే, నంబరును ఫోను నుంచి విడదీసి చిన్న కార్డులో పెట్టడం. సెట్టు ఎక్కడిదైనా సరే, కార్డు మాత్రం ఆ దేశానిదైతే చాలు. ఇండియా నంబరుతో రోమింగ్‌లో ఉంటే వచ్చిన కాల్‌కీ డబ్బు పోతుంది, కువైట్ సిమ్ముకైతే పోదు. ఇండియాలోనూ 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఇంటింటికీ మొబైల్ చేరింది. ఇంటివాళ్ళు మిస్డ్ కాల్ ఇవ్వడం, పని తెమిలాక ఆమె కార్డు గీకి రీచార్జ్ చేసుకుని తిరిగి చేయడం ఆ రోజుల ఆనవాయితీ.

ఇప్పుడు వాట్సాప్, ఇమో లాంటి యాప్‌లు ఉండగా సిమ్ముతో పనేమిటని అడగవచ్చు. ఇంటి వైఫై యజమానిది. పాస్‌వర్డ్ మార్చడం అతనికి నిమిషం పని. ఎమిరేట్స్, ఒమన్‌లలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలూ ఉన్నాయి. పైగా వాట్సాప్ ఖాతా తెరవడానికి కూడా ఒక నంబరు కావాలి. చేతిలో ఫోను ఉన్నందుకు డబ్బు పంపమని ఇంటివాళ్ళ ఒత్తిడి పెరిగిందన్న మాట నిజమే. కానీ ఆ ఒత్తిడి ఉత్తరాల కాలంలోనూ ఉంది. అప్పుడు ఆమె జవాబు చేరడానికే వారాలు పట్టేది.

వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి: యజమాని ఫోనే లాక్కుంటే? సిమ్ము తీసుకోవడానికి అక్కడి గుర్తింపు కార్డు, అంటే సివిల్ ఐడీ కావాలి, ఆ ఐడీ వచ్చేది యజమాని పూచీ మీద. పని వదిలి బయటపడి ఖల్లివల్లి అయిన మనిషికి సొంత పేర సిమ్ము దొరకడం కష్టం. దీన్ని కాదనలేను. అయితే లాక్కునే యజమాని దేన్ని చూసి భయపడుతున్నాడో గమనించాలి. జీతం ఎగ్గొట్టినా, కొట్టినా ఆ సంగతి అదే రాత్రి గోదావరి ఒడ్డున ఒక ఇంటికి చేరుతుంది. ఫోను రాని రోజున ఇంటివాళ్ళు ఏజెంటును నిలదీస్తారు. పైగా, పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు, సివిల్ ఐడీ తన దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం యజమానికి చెబుతోంది. ఈ సంగతి విమానం ఎక్కకముందే ఆమెకు తెలియాలి. రాయబార కార్యాలయం నంబరు, ఇంటి నంబరు ఫోనులో దాచుకోవడంతో సరిపెట్టకుండా ఆమె చేత బట్టీ పట్టించాలి.