చిన్న వ్యాపారాల సాంకేతిక, నైపుణ్య ప్రోత్సాహకాలు (ఆస్ట్రేలియా)

ఏటా 5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లలోపు టర్నోవర్ గల వ్యాపారాలకు ఆస్ట్రేలియా ప్రభుత్వం తాత్కాలికంగా ఇచ్చిన రెండు ఆదాయపు పన్ను రాయితీలు. 2022 మార్చి 29న బడ్జెట్‌లో ప్రకటించగా, 2023 జూన్‌లో చట్టరూపం దాల్చాయి. అర్హమైన ఖర్చుపై మామూలు మినహాయింపుకు తోడు మరో 20 శాతం లభించేది. అంటే 100 డాలర్ల ఖర్చుకు 120 డాలర్ల మినహాయింపు. ఇది నగదు సాయం కాదు. పన్ను పడే ఆదాయాన్ని తగ్గించేది.

సాంకేతిక ప్రోత్సాహకం 2023 జూన్ 30 వరకు కంప్యూటర్లు, క్లౌడ్ సేవలు, సైబర్ భద్రత వంటి ఖర్చులకు వర్తించింది. దీని కింద అదనపు మినహాయింపు ఏడాదికి 20,000 డాలర్లు మించకూడదన్న పరిమితి ఉండేది. నైపుణ్య ప్రోత్సాహకం 2024 జూన్ 30 వరకు సాగింది. నమోదిత శిక్షణ సంస్థలు ఉద్యోగులకు ఇచ్చిన శిక్షణకే ఇది పరిమితమైంది. ఒంటరిగా వ్యాపారం నడిపే యజమాని సొంత శిక్షణకు వర్తించలేదు.