ఇంటి బీమా క్లెయిమ్ రిజెక్ట్ అయిందా? ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో వెళ్లాలి

2025 ఆగస్టు చివర్లో కురిసిన భారీ వానలకు నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి. మంజీర ఒడ్డున ఉన్న బోధన్ వైపు పల్లెలకూ వరద భయం ఉన్నదే. ఇంటి లోన్ తీసుకున్నవాళ్లలో చాలామందికి బీమా ఉంటుంది, పాలసీ కాగితం మాత్రం బ్యాంకు దగ్గరే ఉండిపోతుంది. క్లెయిమ్ కాదన్నప్పుడు ముందు బ్రాంచికి వెళ్లి దాని కాపీ తీసుకోవాలి.

రాతపూర్వకంగా కారణం అడగాలి

ఫోన్‌లో "మీది రాదు" అంటే ఒప్పుకోవద్దు. ఏ షరతు కింద కాదన్నారో లెటర్ ఇమ్మనాలి. అందులో రాయని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత కేసులో తేవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. అందుకే ఆ లెటరే అసలు ఆధారం.

ఎక్కువగా చెప్పే కారణాలు

దొంగతనం: 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుఫాను, అగ్నిప్రమాదం ఉన్నాయి. దొంగతనం మాత్రం అలాంటి ప్రమాదం వల్ల, 7 రోజుల్లోపు జరిగితేనే వర్తిస్తుంది. తాళం పగలగొట్టి చేసే మామూలు దొంగతనానికి వేరే కవర్ కావాలి.

పాత గోడ: వానకు కూలలేదు, పాతబడి కూలిందంటారు. రిపేరుకు ముందే ఫొటోలు, వీడియోలు తీసి పెట్టుకోవాలి. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

ఇల్లు ఎవరి పేరు మీద: ఇల్లు చనిపోయిన తండ్రి పేరు మీద, పాలసీ కొడుకు పేరు మీద ఉంటే గొడవ వస్తుంది. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదులు జత చేయాలి. వారసులంతా కలిసి రాసిన కాగితం కూడా పనికొస్తుంది.

మూడు మెట్లు

1. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. జవాబు నచ్చకపోతే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబర్‌కు ఫోన్ చేసి గానీ ఐఆర్‌డీఏఐకి చెప్పొచ్చు.

2. కంపెనీ కాదన్నా, నెలలోపు జవాబు ఇవ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దీనికి గడువు 1 ఏడాది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రూ.50 లక్షల దాకా ఇప్పించొచ్చు. ఆ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి, ఫిర్యాదుదారు మాత్రం దానికి కట్టుబడాల్సిన పనిలేదు.

3. నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు కేసు వేయాలి. ఫీజును క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాకుండా కట్టిన ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు. అది రూ.5 లక్షల దాకా ఉంటే ఫీజు ఉండదు. అంటే మామూలు ఇంటి పాలసీకి పైసా కట్టక్కర్లేదు.

ఇది గుర్తుంచుకోవాలి

కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ అదే ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడం మేలు. అయితే కమిషన్‌కు ఉన్న 2 ఏళ్ల గడువు దాటిపోకుండా రిజెక్ట్ లెటర్ తేదీని రాసి పెట్టుకోవాలి.