ఉదయగిరి, ఆత్మకూరు శాసనాలు: ఆకర సూచన పద్ధతిపై ఒక పరిశీలన

శాసనాలపై వెలువడే పరిశోధన వ్యాసాల పాదసూచికల్లో ‘ఆత్మకూరు శాసనం’, ‘ఉదయగిరి శాసనం’ వంటి మాటలు తరచుగా కనిపిస్తాయి. ఇవి ఆకర సూచనలు కావు, వట్టి ఊరి పేర్లు. ఆత్మకూరు నెల్లూరు జిల్లాలో ఉన్నట్లే కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్, వరంగల్ ప్రాంతాల్లోనూ ఉంది. ఉదయగిరి మాటకు వస్తే చిక్కు మరింత పెద్దది. శాసన పరిశోధకులలో ఎక్కువమందికి ఆ పేరు వినగానే తోచేవి విదిశ సమీపంలోని గుప్తుల గుహాశాసనాలు, లేదా భువనేశ్వర్ దగ్గర ఖారవేలుని హాథీగుంఫా శాసనం. పడమటి నెల్లూరు దుర్గం మూడవదిగానైనా గుర్తుకు వస్తుందో రాదో. జిల్లా పేరు చేర్చినంత మాత్రాన సమస్య తీరదు. ఎందుకు తీరదో తెలియాలంటే ఈ శాసనాలకు సంఖ్యలు ఏర్పడిన తీరును పరిశీలించాలి.

నెల్లూరు జిల్లా తామ్ర, శిలా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా ప్రకటించారు. శిలాశాసనాలను వారు తాలూకాల వారీగా విభజించి, ఒక్కొక్క తాలూకాకు విడిగా వరుస సంఖ్యలు ఇచ్చారు. అందువల్లనే చరిత్రకారులు ‘నెల్లూరు శాసనాలు, ఉదయగిరి’ అనీ, ‘నెల్లూరు శాసనాలు, ఆత్మకూరు’ అనీ వ్రాసి, పక్కన సంఖ్య వేయడం అలవాటు చేసుకున్నారు. మైసూరు రాజ్యంలో లూయీ రైస్ ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’లో అనుసరించిన పద్ధతీ ఇదే. తాలూకా అన్నది అప్పటికి స్థిరమైన పరిపాలన విభాగం, ఏ శిస్తు లెక్క చూసినా దొరికే పేరు. ఆ కాలానికి ఇంతకంటే సులభమైన పద్ధతి లేదని ఒప్పుకోవలసిందే.

అయితే ఆ స్థిరత్వం ఎంతోకాలం నిలవలేదు. నిజానికి పుస్తకం వెలువడే నాటికే అది చెదిరింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకా అందులో కలిసింది. మరుసటి ఏట అచ్చయిన ‘నెల్లూరు’ సంపుటాల్లో మాత్రం ఒంగోలు శాసనాలు అలాగే ఉండిపోయాయి. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి ఒంగోలుతో పాటు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు వెళ్ళాయి. ఉదయగిరి, ఆత్మకూరు నెల్లూరులోనే మిగిలాయి గాని, 1985లో మండల వ్యవస్థ రావడంతో తాలూకాలే రద్దయ్యాయి. పాత ఉదయగిరి తాలూకా గ్రామాలు నేడు దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం మొదలైన మండలాల్లో ఉన్నాయి. ఆత్మకూరు తాలూకాలోని అనంతసాగరం ఇప్పుడు తానే ఒక మండల కేంద్రం. 2022 పునర్విభజనలో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాలో చేరింది. కాబట్టి ‘ఉదయగిరి’ పక్కన సంఖ్య చూసి ఉదయగిరి మండలంలో రాయిని వెదికే విద్యార్థికి అది దొరకకపోవచ్చు. ఆ సంఖ్యలోని ఉదయగిరి నేడు పరిపాలన పటంలో లేదు.

ఇంతకంటే సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉంది. మద్రాసు శాసన శాఖ ఏటేటా తాను తీసిన ప్రతులకు ఆ సంవత్సరపు సంఖ్యలు వేసింది. సంఖ్యతో కనిపించే సంవత్సరం ప్రతి తీసిన సంవత్సరం. నివేదిక పేరులోని సంవత్సరంతో అది ఎల్లప్పుడూ సరిపడదు. వి. రంగాచార్య 1915 వరకు లభించిన శాసనాల స్థలానుక్రమణికను 1919లో మూడు సంపుటాలుగా ప్రకటిస్తూ జిల్లాల వారీగా కొత్త సంఖ్యలు ఇచ్చారు. విజయనగర కాలపు తెలుగు శాసనాలు ‘దక్షిణ భారత శాసనాలు’ పదహారవ సంపుటంగా 1972లో వచ్చినప్పుడు ఇంకొక వరుస చేరింది. ఈ విధంగా ఒకే రాయికి మూడు, నాలుగు సంఖ్యలు ఉండే అవకాశం ఏర్పడింది. ఒక వ్యాసకర్త ఒక దానాన్ని 1905 సంఖ్యతోనూ, మరొకదాన్ని 1972 సంఖ్యతోనూ ఉదాహరించి, అవి రెండూ ఒకే శాసనమని గమనించకపోతే, ఒక దానం రెండు దానాలవుతుంది. ఆ తాలూకాలో దేవాలయాలకు ఎన్ని భూములిచ్చారు, ఎన్ని చెరువులు తవ్వించారు అన్న లెక్కలన్నీ దీనిపైనే ఆధారపడతాయి. రంగాచార్య పాత సంఖ్యలనూ ఆధారాలనూ తన పట్టికలో చూపింది ఇందుకే. ఆయన పడిన శ్రమను తరువాతివారు తగినంతగా వాడుకోలేదనిపిస్తుంది.

ఉదయగిరి చరిత్రలో అతి ప్రసిద్ధమైన ఘట్టాన్నే తీసుకుందాం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి దుర్గాన్ని జయించింది 1514లో. ఈ ఘట్టానికి ఆధారాలు ఒక్కచోట లేవు. ఉదయగిరి శాసనాలు 1905 సంపుటాల్లోనూ, జయం తరువాత రాయలు తిరుమలను దర్శించి ఇచ్చిన కానుకల శాసనాలు దేవస్థానం వారి శాసన సంపుటాల్లోనూ, ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరంలో ప్రతిష్ఠించిన శాసనం ‘దక్షిణ భారత శాసనాలు’ నాలుగవ సంపుటంలోనూ ఉన్నాయి. మూడింటికీ మూడు సంఖ్యా పద్ధతులు. హంపీ కృష్ణాలయాన్ని కొన్ని పుస్తకాలు 1513 నాటిదంటాయి, మరికొన్ని 1515 అంటాయి. దుర్గం 1514లో వశమైతే అక్కడి విగ్రహానికి 1513లో ఆలయం కట్టడం ఎలా కుదురుతుంది? శకవర్షాన్ని క్రీస్తుశకంలోకి మార్చి, మార్చిన అంకెను మాత్రమే ఇస్తే పాఠకుడు ఈ ప్రశ్నకు సమాధానం వెదకలేడు. భావ సంవత్సరం 1514 మార్చిలో మొదలై 1515 మార్చిలో ముగిసింది. ఆషాఢానికి శకవర్షంపై 78 కలపాలి, మాఘ ఫాల్గుణాలకు 79 కలపాలి. శకాన్ని గతంగా లెక్కించారా, వర్తమానంగా లెక్కించారా అన్నదానిపై మరొక ఏడాది తేడా వస్తుంది. శక సంఖ్య, సంవత్సర నామం, మాసం, తిథి, వారం ఇచ్చి ఉంటేనే లెక్క సరిచూడడం సాధ్యం.

విజ్ఞానశాస్త్ర పత్రికల్లో వ్యాపించిన రచయిత–సంవత్సర పద్ధతి ఇప్పుడు మన పత్రికల్లోకీ వచ్చింది. 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ తన వ్యాసంలో వాడిన ఆ పద్ధతి అచ్చయిన రచనలకు చక్కగా సరిపోతుంది. శాసనానికి అది చాలదు. ‘బటర్‌వర్త్, చెట్టి 1905’ అంటే మూడు సంపుటాలు చేతికి వస్తాయి, రాయి కనబడదు. దాత రాజైనా, అధికారియైనా, గ్రామస్థుడైనా అతడు రచయిత కాడు. రాతికి పుట సంఖ్య ఉండదు. ఆధునిక గ్రంథాలకు రచయిత–సంవత్సర పద్ధతిని ఉంచుకుని, శాసనాలకు వేరుగా ఒక క్రమం పాటించడమే ఉచితమని నా అభిప్రాయం. మొదట గ్రామం, 1905 నాటి తాలూకా, నేటి మండలం, జిల్లా. తరువాత రాయి ఉన్న చోటు, అంటే ఆలయ మంటపమో, చెరువు తూమో, కోట ద్వారమో. ఆపై తొలి ముద్రణ సంఖ్య, శాఖ వార్షిక సంఖ్య, తుది పాఠం అచ్చయిన సంపుటం, సంఖ్య. చివర శాసనంలోని కాలం ఉన్నది ఉన్నట్లుగా, దాని పక్కన క్రీస్తుశక తేదీ. సూచన పొడవవుతుందన్న ఆక్షేపణ సహజమే. మొదటిసారి పూర్తిగా ఇచ్చి, ఆ తరువాత ‘ఉదయగిరి తా.’ అని తాలూకా గుర్తుతో సంఖ్యను మాత్రమే వేస్తే సరిపోతుంది. ఆ ‘తా.’ అనే ఒక్క అక్షరం మాత్రం వదలకూడదు. అది లేకపోతే పాఠకుడు నేటి మండలమనే అనుకుంటాడు.