2018 ఆసియా క్రీడలు: పురుషుల లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్

2018 ఆసియా క్రీడల్లో జరిగిన రోయింగ్ పోటీల్లో ఇదొకటి. ఫైనల్ ఆగస్టు 24న ఇండోనేషియాలోని పాలెంబాంగ్ నగరంలో, జకబరింగ్ క్రీడాప్రాంగణపు సరస్సులో జరిగింది. రెండు తెడ్లతో ఒక్కరే నడిపే సన్నని పడవపై 2000 మీటర్లు పోవాలి.

ఈ విభాగంలో పోటీదారు బరువు 72.5 కిలోలు మించకూడదు. పందెం రోజునే తూకం వేస్తారు. దాంతో తిండీ నీళ్లూ తగ్గించుకుని, ఆ నీరసంతోనే సత్తువంతా పిండే పందేనికి దిగడం ఇక్కడ మామూలే. అసలు పోటీ తూకం దగ్గరే మొదలవుతుందన్నా తప్పులేదు.

దక్షిణ కొరియాకు చెందిన పార్క్ హ్యున్‌సు స్వర్ణం, హాంకాంగ్‌కు చెందిన చియు హిన్ చున్ రజతం గెలుచుకున్నారు. భారత సైనికుడు దుష్యంత్ చౌహాన్ 7 నిమిషాల 18.76 సెకన్లలో గమ్యం చేరి కాంస్యం అందుకున్నాడు. పందెం ముగిశాక నిలబడే ఓపిక కూడా లేక కుప్పకూలిన అతణ్ని స్ట్రెచర్‌పై తీసుకెళ్లారు. అంతకుముందు తాను తిన్నది రెండు బ్రెడ్ ముక్కలూ ఒక ఆపిలేనని తర్వాత చెప్పాడు. 2014 ఇంచియాన్ క్రీడల్లోనూ ఇదే విభాగంలో అతనికి కాంస్యమే దక్కింది.

పాలెంబాంగ్‌లో అదే రోజు భారత నలుగురి జట్టు క్వాడ్రపుల్ స్కల్స్‌లో స్వర్ణం సాధించింది.