తెల్లమద్ది గుర్తులు



తార్నాకలో మేము కాపురమున్న యింటిప్రక్క నొక పెద్ద చెట్టుండెడిది. దాని ఆకు అడుగున వెండివలె మెఱయును. ఇరుగుపొరుగువారు ఓకుచెట్టనుచుండగా నేనును అట్లే నమ్మితిని. గుండెజబ్బు చికిత్సకై గ్రామమునుండి వచ్చిన మా పెదనాన్నగారు దానిని పరికించి, "అబ్బాయీ, దీని కాయ యెట్లుండును?" అని యడిగిరి. నాకు నోట మాట రాలేదు.

ఓకునకు గుర్తు కాయయే. చిన్న గిన్నెలో నిలిపిన గుడ్డువలె నుండును. 1753లో లిన్నేయసు పండితుడు శాస్త్రనామ మిడిన తెల్ల ఓకు అమెరికా తూర్పుభాగపు వృక్షము. మన దేశమున ఓకుజాతులు హిమాలయములందు గలవు. దక్కను అడవులలో లేవు. బైబిలును తెనిగించినవారు దానిని సిందూరవృక్షమనిరి గాని, పేరు వచ్చినంతమాత్రమున చెట్టు వచ్చునా? మా ప్రక్కయింటిది ఆస్ట్రేలియా చెట్టగు సిల్వర్ ఓకు. అరకు కాఫీతోటలలో నీడకై పెంచునదియు నిదియే. ఓకుతో దానికి చుట్టరికమే లేదు.

పెదనాన్నగారికి వైద్యుడు తెల్లమద్దిపట్ట కషాయము చెప్పియుండెను. నేను అంగడినుండి తెచ్చిన పొట్లమును విప్పి, "ఇది నల్లమద్ది" యని ఆయన ప్రక్కకు నెట్టిరి. నల్లమద్దిపట్ట మొసలివీపువలె గళ్లుగళ్లుగా పగిలియుండును. తెల్లమద్దిపట్ట నునుపుగా, బూడిద కలిసిన తెలుపున నుండి, పలుచని రేకులై యూడును.

మఱునాడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు నడచితిమి. 1918లో వెలసిన ఆ విద్యాపీఠమున 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును చూచుటకు దేశదేశములవారు వత్తురు. ఆయన దానివంక తలయైన నెత్తలేదు! చెట్లనే వెదకుచు పోయి, యొకదానిక్రింద నిలిచి, రాలిన కాయను నా చేతిలో పెట్టిరి. దానికి అయిదు రెక్కలు. నల్లమద్దికాయకును అయిదే, కాని దాని రెక్కలపై గీతలు అడ్డముగా అంచువఱకు సాగును, తెల్లమద్దివి పైకి వంగును. ఆకు మొదట, కాడ కలియుచోట, రెండు చిన్న బుడిపెలను గూడ చూపిరి.

ఈ గుర్తులు గ్రంథస్థమైన కథయు మన సీమదే. కంపెనీవారి వైద్యుడు విలియం రాక్స్‌బరో 1776లో చెన్నపట్టణమునకు వచ్చి, పిమ్మట సామర్లకోటలో తోట వేసి, మనవారి తెలుగు పేర్ల నడిగి వ్రాసికొని, దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా తోటకు పోయెను. 1795 మొదలు వెలువడిన ఆయన కోరమాండలు వృక్షగ్రంథమున మూడువందల చిత్రములు గలవు. తెల్లమద్దికి ఆయన పెట్టిన పేరునకు అయిదురెక్కల అర్జునమని యర్థము. 1834లో వైట్, ఆర్నాట్ అనువారు దానిని కరక, తాండ్ర చెట్ల కుటుంబములో టెర్మినేలియా యను జాతిలో చేర్చిరి. అర్జున నామము మాత్రము నిలిచినది. సంస్కృతమున అర్జునమనగా తెలుపే. బాలకృష్ణుడు రోలీడ్చి కూల్చిన జంట మద్దులు మీరెఱిగినవే.

పట్ట తీయుదమని నేను కత్తి తీసితిని. ఆయన నా చేయి పట్టుకొనిరి. దాపుననే మఱియొక మద్దికి ఎవరో చుట్టును పట్ట నొలిచిరి. కొమ్మలు మోడై నిలిచినవి. "చుట్టు నొలిచిన చెట్టునకు ఆహారము వేళ్లకు దిగదు, ఇది చచ్చినది. నా రోగమునకు ఇంకొకటి చావవలెనా?" అనిరి. పట్ట తరువాత తెలిసిన వైద్యునివద్దనే కొంటిమి. ఆ నాడాయన ఏరినవి పిడికెడు కాయలు. ఉత్తరీయపు చెంగున ముడివేసికొని ఊరికి తీసికొనిపోయిరి. చెఱువుగట్టున మూడు మొలిచినవి. ఒకటి మేకలు తినినవి.